సజ్జ కింది కుందేటి కొమ్ములు

మా తల్లిగారి ఊరు ధర్పల్లి దగ్గర. ఊరి వెనక గుట్ట మీద, బండల సందుల్లో కుందేటి కొమ్ములు మొలిచేవి. ఆకుండదు, ముల్లుండదు. వేలెడంత పచ్చటి కాడలు, వానలప్పుడు కొసన చిన్న ఊదారంగు పూలు. జ్వరమొచ్చి నోరు చేదైతే మా అవ్వ వాటితోనే తొక్కు నూరిపెట్టేది. అవ్వ చనిపోయిన ఏడాదే గుట్టను కంకర కోసం పేలుస్తున్నారని తెలిసి, ఒక గుబురు తవ్వుకొచ్చి టౌనులో, కంఠేశ్వర్‌లో మా అద్దింటి డాబా మీద కుండీలో పెట్టుకున్నాను. గులాబీలు పెట్టాల్సిన చోట ఈ బోడి కాడలేమిటని పక్కింటివాళ్లు నవ్వారు. నవ్వనీ.

దాని తిండి వేరు. ఇసుక, కంకర, పెంకుముక్కలు, పిడికెడు మన్ను. కాడ విరిగితే నీడలో గాయం ఆరనిచ్చి నాటాలి. పొద్దుటి ఎండ చాలు. ఎండాకాలం కాడ బాగా ముడుచుకున్నాకే నీళ్లు. వానాకాలం చుక్క కూడా వద్దు, జల్లు పడకుండా మెట్లగది గోడకున్న సజ్జ కిందికి జరపాలి.

ఈ మాట నా మొగుడికి ఎక్కదు. బోధన్ దగ్గర చెరుకు తోటకు కాలువ నీళ్లు తిప్పుతూ బతికిన మనిషి. చెరుకు మానేసి టౌనుకొచ్చాక తిప్పడానికి నీళ్లు లేవు. పొద్దున లేచి చేతులు చూసుకుంటూ కూర్చుంటాడు.

మొన్నటి వానల్లో ఆపరేషనై దవాఖానలో ఉండి వచ్చాను. చూస్తే కాడలు ఉడికిన బెండకాయల్లా వాలిపోయాయి. ముట్టుకుంటే చేతికొచ్చాయి.

"రోజింత పోసిన. నువ్వొచ్చేసరికి పచ్చగుండాలె అని" అన్నాడు.

"పొయ్యకుమని సెప్పి పోయిన గదా."

"సెప్పినవ్. ఎండుతుంటె సూస్కుంట ఎట్ల కూసుంట?"

ఒళ్లు మండింది. అరుద్దామంటే కుట్లు లాగాయి.

కుట్లు మానాక ఇంకో గుబురు కోసం బస్సెక్కి ఊరికి పోయాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. గుట్ట లేదు. గుట్ట ఉన్న చోట పెద్ద గుంత, అందులో వాననీళ్లు. ఒడ్డున కూర్చుని ఏడ్చాను. అవ్వ పోయిన రోజు కూడా అంత ఏడవలేదు. ఆ తొక్కు ఇక నా నోటికి రాదు.

ఇంటికొచ్చేసరికి ఆయన కుండీ కడిగి, ఎండబెట్టి, ఇసుకా కంకరా నింపి ఉంచాడు. "దొరికిందా?" అన్నాడు. నేను ఖాళీ సంచి మేకుకు తగిలించాను. ఆయన మళ్లీ అడగలేదు. ఇప్పుడాయన మీద కోపం కూడా రావడం లేదు, అదే నాకు భరించరాకుండా ఉంది.

కుండీ ఇంకా అక్కడే ఉంది. వాన జల్లు కొట్టినప్పుడల్లా ఆయన లేచిపోయి, ఆ రాళ్లు తడవకుండా సజ్జ కిందికి జరిపి వస్తాడు.