కత్తిపిల్ల కోసం బోనం

జ్యేష్ఠం చివర్లో ఒక పొద్దున పెద్దబాపు ఫోన్ చేసి, "మీ పెద్దమ్మ ఇగ లేదు బిడ్డా" అన్నాడు. ఆయన ఫోన్‌లో ఎప్పుడూ అవతలి మనిషి పక్క ఊళ్లో ఉన్నట్టు అరిచి మాట్లాడతాడు. ఆ రోజు మాత్రం మెల్లగా అన్నాడు. నేను "ఊఁ" అని ఫోన్ పెట్టేసి, చెప్పులు వేసుకుని, సగం దూరం నడిచాక గానీ ఏడుపు రాలేదు.

పెద్దమ్మ మా అమ్మకు అక్క, పెద్దబాపు ఆమె భర్త. ఇబ్రహీంపట్నంలో మా ఇంటికి రెండు వీధుల అవతల ఉండేది. వాళ్లకు పిల్లలు లేరు. ఆ లోటును ఆమె ఎన్నడూ మా ముందు ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు. అలా అని మమ్మల్ని గారాబం చేసిన మనిషి కూడా కాదు. తిట్టేది. పొలంలో కూలీలను, సంతలో బేరమాడే వాళ్లను, ఇంట్లో పెద్దబాపును, అందుబాటులో ఉంటే నన్ను తిట్టేది. తిట్టిన గంటలోనే పిలిచి అన్నం పెట్టేది. అన్నం పెట్టేటప్పుడు కూడా ముఖం మాడ్చుకునే ఉండేది.

మూత్రపిండాలు పాడయ్యాక ఆ కోపానికి పని తగ్గింది. రోజు విడిచి రోజు డయాలిసిస్. ఇంటి నుంచే ఆఫీసు పని చేసుకునేదాన్ని కాబట్టి నేను వీలు చూసుకుని ఆమెతో ఆసుపత్రికి వెళ్లేదాన్ని. పెద్దబాపు బయట బెంచీ మీద కూర్చునేవాడు. సూదులు గుచ్చడం ఆయన చూడలేడు. పెద్దమ్మ మాత్రం కళ్లార్పకుండా చూసేది. ఆమెకు సూదులతో బాధ లేదు, నీళ్లతోనే బాధ. రోజుకు ఇన్నే తాగాలని డాక్టర్లు కట్టడి చేశారు. ఎండలో మిరపతోట కలుపు తీసి చెంబెడు నీళ్లు గటగటా తాగిన మనిషి, చిన్న గ్లాసులో పోసినవి నోట్లో పట్టుకుని మింగకుండా కాసేపు ఉంచుకునేది. "దాహమైతుందా?" అని అడిగితే, "నువ్వు అడగకు, ఎక్కువైతది" అనేది.

ఆ మంచం మీద పొద్దు గడవడానికి మొదట సీరియళ్లు పెట్టాను. "ఏడ్సుడే ఏడ్సుడు. వీల్లకు ఇండ్లల్ల పని లేదా?" అని తీసేయించింది. ఒకరోజు నేను నా కోసం ఫోన్‌లో పెట్టుకున్న జపాన్ బొమ్మల కథ మీద ఆమె చూపు పడింది. సమురాయ్ యోధుల కాలంలాంటి కాలం, కొండల్లో రాక్షసులు, మధ్యలో ఒక ఆడపిల్ల. ఆ పిల్ల చేతిలో శాపం తగిలిన కత్తి ఉంటుంది. దాన్ని దూసిన ప్రతిసారీ ముందు ఆ పిల్ల నెత్తురే కొంత తాగుతుంది, ఆ తరువాతే శత్రువును నరుకుతుంది.

"ఎవరు గా పిల్ల?" అంది పెద్దమ్మ. చెప్పాను. "జర ఇటు తిప్పు."

అట్లా మొదలైంది. మాటలు జపాన్‌వి, కింద అక్షరాలు ఇంగ్లిష్‌వి. నేను చదివి మన మాటల్లో చెప్పాలి. ఆ పిల్ల పేరు ఎన్నిసార్లు చెప్పినా పెద్దమ్మ నోరు తిరగలేదు. కత్తిపిల్ల అని పెట్టుకుంది. ఆ రోజు నుంచి నేను వెళ్లగానే బాగున్నావా అని అడగడం మానేసి, "కత్తిపిల్ల ఏడిదాంక పోయింది?" అని అడిగేది.

ఆమె ఊరికే చూసే రకం కాదు. "కొట్లాటకు పోయేటప్పుడు జుట్టు ముడేసుకోవద్దా? కండ్లల్ల వడదా?" అనేది. కత్తిపిల్ల తను కొలువు చేసే దొరకు వంగి దండం పెడితే, "వాని మొకం సూస్తెనే ఎర్కైతుంది, దీన్ని అమ్ముకుంటడు" అనేది. నాలుగు భాగాల తరువాత ఆ దొర నిజంగానే శత్రువులకు దారి చూపించాడు. "నేను జెప్పలే?" అని ఆమె లేవబోతే డయాలిసిస్ చేసే అమ్మాయి పరిగెత్తుకొచ్చి, "అమ్మా, చెయ్యి కదపొద్దు!" అని పట్టుకుంది. ఆ అమ్మాయికి కూడా నా చేత కథ చెప్పించింది పెద్దమ్మ.

ఒక రోజు కత్తిపిల్ల మంచులో మోకాళ్ల మీద పడి, తెల్లబడిన పెదాలతో మళ్లీ కత్తి దూస్తోంది. పెద్దమ్మ పక్కనున్న గొట్టాల వైపు చూసింది. వాటిలో నెత్తురు ఎర్రగా తిరుగుతోంది. "నా నెత్తురు మిషిన్లకు వోయి మల్ల నాకే వస్తది. దానిది కత్తిలకు వోయి మల్ల రాకపాయె" అంది. ఆ పూట నేను చదవలేకపోయాను. నెట్ రావడం లేదని చెప్పి ఆపేశాను.

ఆమెకు తెలియని సంగతి నాకు తెలుసు. ఆ కథ నేను అంతకు ముందే చూసేశాను. చివరి భాగంలో కత్తిపిల్ల చనిపోతుంది. కనుమలో ఒక్కతే నిలబడి, వెనక ఊరి జనం దాటేదాకా కత్తి దూస్తూనే ఉండి, చివరికి కత్తికి ఇవ్వడానికి ఒంట్లో ఏమీ మిగలక కూలిపోతుంది. పెద్దమ్మ అడిగేది, "ఇది బతుకుతదా బిడ్డా?" అని. "చూద్దాం పెద్దమ్మా" అనేదాన్ని. అడిగిన ప్రతిసారీ అదే మాట. రోజుకు ఒక భాగం చూపించేదాన్నల్లా మెల్లగా సగం భాగానికి దించాను.

ఒకసారి ఆటోలో ఇంటికి వస్తున్నాం. మైసమ్మ గుడి ముందుకు రాగానే పెద్దమ్మ ఆటో ఆపించింది. దిగే ఓపిక లేదు. కూర్చున్న చోటి నుంచే, పట్టీ కట్టిన చెయ్యి కూడా ఎత్తి దండం పెట్టింది. "తల్లీ, గా కత్తిపిల్లను బతికియ్యి. నీకు బోనమెత్తుత" అంది.

పెద్దబాపుకు మండింది. "నీ కోసం మొక్కుకోరాదే?"

"నాకు మీరందరు మొక్కుతనే ఉన్నరు గద. గా పిల్లకు ఎవరున్నరు?"

"అది బొమ్మ పెద్దమ్మా, ఎవరో గీసింది" అన్నాను. అనగూడదు, కానీ భయంతో అన్నాను. తిట్టే ముందు ఎప్పుడూ చూసే చూపే ఆమె నా వైపు చూసింది. "బొమ్మయితేంది? గుళ్లె ఉన్నది బొమ్మ గాదా?" అంది. ఆటో అతను నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. మొక్కు మొక్కిన మనిషికి ఆ చావు ఎట్లా చదివి వినిపించాలి?

చివరి భాగం రానే వచ్చింది. కత్తిపిల్ల కనుమలోకి అడుగు పెట్టింది. నేను గొంతు సవరించుకుని మొదటి రెండు మాటలు చదివాను. పెద్దమ్మ సూది లేని చెయ్యి చాపి ఫోన్ మీద పెట్టింది. ఆ వేళ్ల కింద కత్తిపిల్ల కనబడలేదు.

"ఆపు బిడ్డా. ఈడికి సాలు."

"ఇదొక్కటే ఉంది పెద్దమ్మా."

"ఉండనీ. గీ పొద్దుకు అది బతికే ఉన్నది. నేను సూడకుంటె అది సావది."

నాకు ప్రాణం లేచొచ్చింది. నిజం చెప్పాలంటే ఆ రోజు ఇంటికి హాయిగా వెళ్లాను. ఆ తరువాత ఆమె కత్తిపిల్ల ఊసు ఎత్తలేదు. వేరే ఏదైనా పెట్టనా అంటే వద్దని కళ్లు మూసుకునేది. కొన్ని వారాలకు ఒళ్లు మిషన్‌ను కూడా తట్టుకోలేకపోయింది. ఇంటికి తీసుకుపొమ్మన్నారు, ఏది అడిగితే అది ఇవ్వమన్నారు. ఆమె నీళ్లే అడిగింది. గ్లాసులో కాదు, చెంబుతో ఇవ్వమంది. పెద్దబాపు తల కింద చెయ్యి పెట్టి పట్టుకుంటే, సగం మెడ మీద పోసుకుంటూ తాగింది. "మస్తుగుంది" అంది. నేను ఆమె నోట విన్న చివరి మాట అదే.

దినాలు అయిపోయిన తరువాత పెద్దబాపు నన్ను పక్కకు పిలిచాడు. "మీ పెద్దమ్మ మొక్కు ఉన్నది గద. సచ్చినోల్ల మీద మొక్కు ఉంచొద్దు. మా ఇంట్ల ఏడాది దాంక బోనమెత్తేది లేదు. నువ్వయితే వేరే ఇంటి పిల్లవు, నీకు మైల లేదు." ఆగి, భుజం మీది తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. "ఇంతకు గా పిల్ల బతికిందా? బతికితెనే బోనం."

నేను ఆలోచించలేదు. "బతికింది పెద్దబాపూ" అన్నాను.

ఆయన తువ్వాల మళ్లీ భుజం మీద వేసుకున్నాడు.

"గట్లనే అంటవని చెప్పింది" అన్నాడు. "అది సచ్చిపోతదని మీ పెద్దమ్మకు ఎర్కే బిడ్డా. సదువుకుంట సదువుకుంట నీ గొంతు వణికిందట. గందుకే ఆపిచ్చిందట. 'బతికిందనే అంటది, నువ్వు ఎదురడగకు, బోనమెత్తనీ' అని నాతోటి ఒట్టు వెట్టించుకున్నది."

మొన్న శ్రావణ ఆదివారం బోనం ఎత్తాను. కుండకు సున్నం, పసుపు రాసి, వేపమండలు కట్టి, పైన దీపం పెట్టి పెద్దబాపే నా తల మీదికి ఎత్తాడు. గుడి దగ్గర వరుసలో ఉన్న ఒకామె అడిగింది, "ఎవరి మొక్కక్కా?" అని. మా పెద్దమ్మదన్నాను. ఏమని మొక్కిందని అడిగింది. ఒక ఆడపిల్ల బతకాలని మొక్కిందన్నాను. "బతికిందా మరి?" అంది.

"అవ్" అన్నాను. దీపం వేడి నెత్తికి తగులుతోంది. ఒక చేత్తో కుండ, ఒక చేత్తో వేపకొమ్మ. కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక, అట్లాగే నడిచాను.