కొసరు యిర్మియాగారు

యిర్మియాగారు కొసరు వెయ్యకుండా దేన్నీ ముగించలేరు. జంగ్లీఘాట్‌ రేవులో ఎండుచేపల కొట్టు తెరిచిన నాటి నుంచీ అంతే. తూకం సరిపోయాక పైన ఓ గుప్పెడు వేస్తేగాని ఆయన చెయ్యి ఊరుకోదు. చర్చిలో ఆయన ప్రార్థన చేస్తే, ఆమేన్ అన్నాక కూడా ఎవరూ కళ్ళు తెరవరు. కొసరు ప్రార్థన ఇంకా ఉందని అందరికీ తెలుసు.

అలాంటి మనిషి వ్యాపారంలో బాగా గడించి, ఆస్టినాబాద్‌లో తన స్థలమిచ్చి విశ్వవిద్యాలయం పెట్టించి, దానికి కులపతి అయి కూర్చున్నారు. రిజిస్ట్రారు కృపావతికి కష్టాలు మొదలయ్యాయి. మొదటి స్నాతకోత్సవంలోనే ఆయన పట్టాతోపాటు ఒక్కొక్కరి చేతిలో ఎండురొయ్యల పొట్లం పెట్టారు.

"ఏంటి సార్ ఇది?" అంది కృపావతి, నల్లగౌను మీద రొయ్యపొట్టు దులుపుకుంటూ.

"కొసరమ్మా! పిల్లల్ని వట్టి కాగితంతో పంపుతామా?"

ఆ ఏడు తుఫాను వల్ల పై దీవిలోని మాయాబందర్ నుంచి రావాల్సిన ఓడ ఆలస్యంగా వచ్చింది. అందులోంచి దిగిన కామమ్మ అనే పిల్లకి విశ్వవిద్యాలయంలో సీటుంది, హాస్టల్లో మంచం లేదు. ఊళ్ళో నా అన్నవాళ్ళు లేరు. మంచం దొరక్కపోతే పిల్లని అదే ఓడలో వెనక్కి తీసుకుపోతానన్నాడు తండ్రి మల్లేశు.

"దీదీ, జహాజ్ లేటయితే మా పిల్ల తప్పేటుంది? జర సూడండమ్మా!"

కృపావతికి జాలేసింది. కానీ ఏం చేస్తుంది పాపం?

"ఒక్క మంచం కొసరు వెయ్యమ్మా," అన్నారు యిర్మియాగారు.

"హాస్టలు చేపల బుట్ట కాదు సార్! గదుల్లో అడుగు పెట్టే చోటు లేదు!"

ఆయన గడ్డం గోక్కుంటూ వెళ్ళిపోయారు.

సాయంత్రం ఓడెక్కింది మల్లేశు ఒక్కడే. కామమ్మకి గది దొరికిందట. ఎక్కడ దొరికిందో రిజిస్ట్రారుకే తెలీదు! కృపావతికి ఒళ్ళు మండింది. నిలదీద్దామని కులపతి బంగళాకి వెళితే, వరండా నిండా ఆడపిల్లల బట్టలు ఆరుతున్నాయి. కామమ్మతోపాటు హాస్టల్లో ఇరుక్కుని ఉన్న పిల్లలు కూడా కొందరు చేరిపోయారు. వార్డెనమ్మ మంచాలు సర్దిస్తోంది.

"మరి సారెక్కడ?"

"కొట్టుకెళ్ళారమ్మా, పెట్టే బేడా సర్దుకుని."

కృపావతి ఆటో ఎక్కి జంగ్లీఘాట్ వెళ్ళింది. కొట్టు వెనక ఎండుచేపల గోతాల మధ్య కులపతిగారు దోమతెర కట్టుకుంటున్నారు. ఆవిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. తెచ్చిన కోపం కాస్తా ఎటో పోయింది. ఇన్నాళ్ళూ ఈయన్నేనా తను విసుక్కున్నది అనిపించింది.

"ఒక్క మంచం కోసం ఇల్లంతా ఇచ్చేశారా సార్?"

"లేదమ్మా, ఆ పిల్లకి మంచమే ఇచ్చాను," అన్నారు ఆయన, దోమతెర ముడి బిగిస్తూ. "మిగతా ఇల్లు కొసరు."