ఆదుకునేవాళ్ళు ఉన్నారా?

ఏ దేశంలో మనుషులు బాగా బతుకుతున్నారో చెప్పే పట్టిక ఏటా పేపర్లో వస్తుంది. మనది ఎప్పుడూ అడుగునే. చోడవరం బస్టాండులో టీ తాగేవాళ్ళు రెండు రోజులు దాని మీద నవ్వుకుంటారు, తిట్టుకుంటారు. నేను నోరెత్తను. అలాంటి పట్టిక కోసమే ఒక ఏడాది సర్వే ట్యాబ్ పట్టుకుని రావికమతం వైపు ఊళ్ళలో ఇల్లిల్లూ తిరిగాను.

ఒకరోజు నా జాబితాలో ఒంటరిగా ఉండే ఒకావిడ ఇల్లు వచ్చింది. యాభై దాటిన మనిషి, చెరుకు నరికే కూలీ. భర్త పోయాడు, పిల్లలు లేరు. జీవితాన్ని పది మెట్ల నిచ్చెన అనుకుని, ఇప్పుడు ఏ మెట్టు మీద ఉన్నారో చెప్పమన్నాను. ముందు నువ్వెక్కడున్నావో చెప్పమంది. చెప్పకూడదు. ఎండకి విసుగెత్తి ఉన్నానేమో, ఆరు అనేశాను.

"అయితే నాకు నాలుగెయ్యమ్మా. ఇంటికొచ్చిన మనిషి కంటే పైన నానెలా కూకుంతాను?"

నాలుగు వేశాను. మర్యాదకి దిగిందో, నిజంగా అక్కడే ఉందో ట్యాబ్‌కి అక్కర్లేదు. నాకూ అక్కర్లేదు.

కష్టం వస్తే ఆదుకునేవాళ్ళు ఉన్నారా అన్నది తర్వాతి ప్రశ్న. ఉన్నారు, లేరు, రెండే జవాబులు. నువ్వొచ్చేవు కదా అంది ఆవిడ. నాకు నవ్వొచ్చింది. ఇంకా నాలుగిళ్ళు మిగిలి ఉన్నాయి. 'ఉన్నారు' అని నొక్కేశాను. నంబరు అడిగితే ఇచ్చాను కూడా. బొగ్గుతో తలుపు మీద నా చేతే రాయించుకుంది.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం ఫోన్ చేసింది. కాళ్ళు వాచాయట, నాలుగడుగులు వేస్తే ఆయాసమట. అనకాపల్లి ఆసుపత్రికి తోడు రమ్మంది. రేపు వస్తానన్నాను. అప్పటికి వెళ్దామనే అనుకున్నాను. మర్నాడు కె.కోటపాడులో వేరే సర్వే పడింది. ఊరన్నాక ఎవరో ఒకరు తీసుకెళ్ళరా అని సర్దిచెప్పుకున్నాను. తర్వాత రెండుసార్లు ఫోన్ మోగింది. ఎవరో తెలిసే ఎత్తలేదు. ఆ మాట రాస్తుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

ఐదో రోజు వెళ్ళాను. తలుపుకి తాళం ఉంది. పక్కింటావిడ బయటికొచ్చి, ముందురోజు పొద్దున్న పోయిందని చెప్పింది.

"ఆటో పిలుత్తాం, మేం తీసుకెల్తాం అంటే ఇన్లేదమ్మా. ఆస్పత్రోళ్ళతో మాటాడ్డం సర్వే అమ్మాయికొచ్చు, దానితోనే ఎల్తాననీసి మూడ్రోజులు గుమ్మంలో కూకుంది. నువ్వేనా ఆ అమ్మాయివి?"

కాదన్నాను. ఆ పిల్ల వేరే ఊరు వెళ్ళిపోయిందని, ఆమె బదులు నన్ను పంపించారని చెప్పాను. పక్కింటావిడ నమ్మింది. లోపలికెళ్ళి మంచినీళ్ళు తెచ్చిచ్చింది. నేను తాగేదాకా నిలబడి, చెంబు అందుకుంటూ గొంతు తగ్గించింది.

"పోయిందని ఆ పిల్లకి సెప్పకమ్మా. బాధపడతాది."

సరేనన్నాను.