నాలుగో చేతి మడత

ఆ రోజుల్లో బెంగళూరులో దెయ్యాన్ని పట్టపగలు, ఒట్టి చేతులతో, మెడ పట్టుకుని ఆపిన మొనగాడు ఎవడైనా ఉన్నాడంటే అది నేనొక్కణ్ణే. అప్పటికి నేను కుర్రాణ్ణి. (మీసాలు తెల్లవే, వయసు అరవై రెండు. కానీ నేను కొత్తగా పనికి చేరిన వృద్ధుల నర్సింగ్ హోములో ఎనభై లోపువాళ్లను ఎవరూ పెద్దమనిషి కింద జమకట్టేవారు కాదు. తొంభై దాటిన ఒకాయన నన్ను చూసినప్పుడల్లా కన్నడంలో అబ్బాయీ అన్నట్టు "ఏయ్ హుడుగా" అని పిలిచి, పెద్దయ్యాక ఏమవుదామనుకుంటున్నావని అడిగేవాడు. కనుక ఇది నా పడుచుదనపు కథే.) దెయ్యం మాటకొస్తే అందులో కాస్త సాగదీత ఉంది. ఎంత ఉందో ముందే చెబితే మీరు చదవరు.

అంతకుముందు నా బతుకంతా చిక్కపేటలో ఒక చీరల కొట్టులో గడిచింది. గిరాకీలు విప్పించి గుట్ట పోయించిన చీరలను మళ్లీ మడిచి అరల్లో పెట్టడం నా పని. చేతిరాత లాగే మడతకూ మనిషి జాడ ఉంటుంది. ఏ చీర చూపించినా ఇది ఫలానా వాడి చెయ్యి అని చెప్పేవాణ్ణి. యజమాని మనవడికి చీరలు ఫోనులో అమ్మాలని బుద్ధి పుట్టాక కొట్టు కాస్తా గోడౌన్ అయింది, నేను ఇంటికొచ్చాను. కొన్నాళ్లు ఓర్చుకుని మా ఆవిడ అంది: "నువ్వు ఇట్లే ఇంట్లో కూర్చోనుంటే రేపో మాపో నన్ను గూడా మడిచి బీరువాలో పెట్టేస్తావు. యాడన్నా పన్లో చేరుపో." అలా మెట్రో ఎక్కి బనశంకరి దాకా పోయి, అక్కడ ఒక పాత మేడలో నడుస్తున్న ఆ హోములో పడ్డాను. హెడ్ నర్సు ఒంగోలు వైపు ఆవిడ. అందరం పెద్ద సిస్టరు అనేవాళ్లం. నా పనితనం చూపిద్దామని మొదటిరోజు ఒక పక్కదుప్పటిని పట్టుచీర మడిచినట్టు కుచ్చెళ్లతో పరిచాను. ఆవిడ ఒక్క లాగు లాగి పారేసింది. "అన్నయ్యా, ఇది పెళ్లికూతురికి కాదు. కింద ఒక్క ముడత ఉన్నా పేషెంటు వీపు ఒరుసుకుపోతుంది." మూలను త్రికోణంలా ఎత్తి, పరుపు కిందికి దోపే పద్ధతి అప్పుడే చూపించింది. హడావిడి మనిషి కనుక ఆవిడ దోపిన మూల ఎప్పుడూ బొటనవేలంత వేలాడేది. నాకది లోపల్లోపల ఎంతో తృప్తి.

కారిడారు చివరి గదిలో రెండు మంచాలు. ఒకదాని మీద బేడయ్య. ఆ పేరు నేను చిక్కపేటలో ఉండగానే పెట్టాను. భార్యను వెంటబెట్టుకుని మా కొట్టుకు వచ్చేవాడు, ఆవిడ ఏ చీర మీద చెయ్యి వేసినా స్టూలు మీంచి కదలకుండా "బేడ" అనేవాడు. (కన్నడంలో వద్దు అని.) ఆయన అన్న ప్రతి బేడకూ ఒక చీరను మళ్లీ మడిచింది నేనే కాబట్టి ఆయన మీద నాకు పాత కక్ష. ఇప్పుడు పక్షవాతం వచ్చి కాళ్లూ చేతులూ మాటా పోయాయి, కళ్లు మిగిలాయి. నడుము కింద పడక పుండు పడింది. రెండు గంటలకోసారి ఎడమకో కుడికో ఒత్తిగిల్లించాలి. ఆ మధ్యాహ్నపు వంతు నాది. పెద్ద సిస్టరు నన్ను పక్కకు పిలిచి మెల్లగా చెప్పింది: "ఇది ఎముక దాకా దిగిందంటే మనిషి మనకి దక్కడు అన్నయ్యా. మధ్యాహ్నం పూట ఆయన ప్రాణం మీ చేతుల్లో ఉంది." అంతదాకా పట్టు తప్ప ఇంకేదీ పట్టని చేతులవి. ఆ మాటకు కక్ష సంగతి మరిచిపోయాను.

రెండో మంచం ఖాళీ. దాని సంగతి నాకు చెప్పింది కోలారు నుంచి వచ్చిన మా ఆయా. "దాని మీద ఉండిన తాత ఇంటికాడ్నే పుండ్లు పడి వచ్చినాడన్నా. పాణం పోయేదాకా ఒకటే మాట, తిప్పండప్పా, తిప్పండప్పా అని. మనిషి పోయినాడు గానీ ఆ మాట ఇంగా ఆడ్నే ఉండాది. అందురూ పండుకున్నాక వినిపిస్తాది."

"నువ్వు విన్నావా?"

"నేను ఆ పక్కకే పోను గదా, ఎట్లా వింటాను?"

గదిలోనుంచి బయటికి వస్తే గుమ్మం పక్కన చేతులు కడిగే తొట్టి, దాన్ని దాటితే కిటికీ. ఆ కిటికీ దగ్గర చక్రాల కుర్చీలో రోజంతా ఒక ముసలావిడ కూర్చునేది. కిటికీ అమ్మ అనేవాళ్లం. కూతురు వస్తే కూతురని తెలియదు, అన్నం పెడితే తినాలని తెలియదు. నడవలేదనే అందరి నమ్మకం. వేళ్లు మాత్రం ఊరుకోవు, కొంగు కొసను మడుస్తూ, విప్పుతూ, మళ్లీ మడుస్తూ ఉండేవి.

ఆ ఇంట్లో భోజనాల తరువాతి వేళను నేను ఎవరికీ సిఫారసు చేయను. వంటగది చప్పుళ్లు ఆగిపోతాయి. ఫ్యాన్లు మూలుగుతాయి. ఒక్కో గదిలో ఒక్కో నోరు తెరుచుకుని, ఇంటిల్లిపాదీ ఒకే మనిషై ఊపిరి తీస్తున్నట్టు ఉంటుంది. అలాంటి వేళ ఒకరోజు బేడయ్యను తిప్పుదామని వెళ్తే, ఆయన అప్పటికే ఎడమవైపు తిరిగి ఉన్నాడు. వీపు వెనక దిండు, మోకాళ్ల మధ్య దిండు, మడమలు పరుపుకు తగలకుండా ఎత్తు. చొక్కా భుజం మీద తడిగా ఒక చెయ్యి అచ్చు. ఐదు వేళ్లూ స్పష్టంగా ఉన్నాయి. నేను చూస్తుండగానే, ఫ్యాను గాలికి ఒక్కో వేలే ఆరిపోయి, అచ్చు మాయమైంది. బయట తొట్టిలో కొళాయి చుక్క, చుక్క, చుక్క. ఆయా మేడ మీద బట్టలారేస్తోంది. పెద్ద సిస్టరు డాక్టరు గదిలో ఉందనుకున్నాను.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. అప్పుడు నాకు తెలిసిన ఒకే ఒక విద్యను బయటికి తీశాను. వంగి దుప్పటి మూల చూశాను. నాది కాదు, నాదింకా చీర వాసన వదల్లేదు. పెద్ద సిస్టరుది కాదు, వేలాడటం లేదు. ఆయాది అసలే కాదు, ఆమెది మడత కాదు, ఉండ. ఇది కత్తితో కోసినంత పదునుగా ఉంది. పగలు పనిచేసే మా ముగ్గురివీ కాని నాలుగో చెయ్యి. "ఎవురు సామీ నిన్ను తిప్పింది?" అని బేడయ్యను అడిగాను. ఆ కళ్లు మెల్లగా కదిలాయి. నా ముఖం మీంచి, నా భుజం మీంచి దాటి, నా వెనక ఖాళీ మంచం వైపు పోయి అక్కడ ఆగాయి. ఆ గదిలోంచి నేను ఎలా బయటపడ్డానో రాయను. చెప్పు ఒకటి అక్కడే ఉండిపోయిందని మాత్రం ఒప్పుకుంటాను.

ఆ తరువాత మధ్యాహ్నాలు గుమ్మం దగ్గర్నుంచే తొంగి చూసి, తిరిగి ఉన్నాడని తేల్చుకుని వచ్చేసేవాణ్ణి. పుండు మానుముఖం పట్టింది, గట్టిపడింది, అంచుల్లో కొత్త చర్మం మొలిచింది. "మీ చెయ్యి మంచిది అన్నయ్యా" అంది పెద్ద సిస్టరు. "ఏదో, అలవాటైపోయింది సిస్టరమ్మా" అన్నాను. అన్నానే గానీ ఆ రాత్రి అన్నం సయించలేదు. దెయ్యానికి ఏ రోజైనా బుద్ధి మారి రాకపోతే? నేను గుమ్మంలోంచి చూసి వెళ్లిపోతే? పోయేది ఆయన ప్రాణం. దాన్ని పట్టుకోవాల్సిందే, బతిమాలో బెదిరించో పని ఒప్పజెప్పుకోవాల్సిందే అని తీర్మానించాను.

మర్నాడు ఖాళీ మంచం కింద నక్కాను. అది రాగానే ఒక్క ఉదుటున లేచి మెడ పట్టుకున్నాను. ఇది నేను చిక్కపేటలో అందరికీ చెప్పిన పాఠం. అసలు సంగతి ఏమిటంటే, మంచం కింద దూరడానికి నడుము ఒప్పుకోలేదు. మంచం మీదే పడుకుని దుప్పటి కప్పుకుని కాపు కాశాను. పొద్దున మా ఆవిడ కట్టిచ్చిన రాగిముద్ద, బస్సారు పులుసు కడుపులో ఉన్నాయి. ఆ మంచం మీద ఎవడు పోయాడో తలుచుకుంటూ బిక్కుబిక్కుమంటూ ఉన్నానని చెప్పాలని ఉంది గానీ, అరనిమిషంలో నిద్రపోయాను.

మెలకువ వచ్చేసరికి నా భుజం కింద ఒక చెయ్యి, తుంటి మీద ఒక చెయ్యి. రెండూ తడి. రెండూ మంచు. కళ్లు తెరవడానికి ధైర్యం చాలలేదు. చెవి దగ్గర, చాలా దగ్గర, ఒక ఆడగొంతు: "మోకాలు ముడువు నాయనా. నేనున్నాగా. ఊపిరి వదులు." వదిలాను. మళ్లీ తీసుకున్నానో లేదో గుర్తులేదు. ఇల్లు గిరుక్కున తిరిగినట్టయింది, నా ముక్కు గోడకు తగిలింది. మోకాళ్ల మధ్యకు దిండు వచ్చింది. దుప్పటి ఒక మూల బిగిసింది, రెండో మూల బిగిసింది, నేను చుట్ట చుట్టిన చాపలా అందులో ఉండిపోయాను. అడుగులు దూరమయ్యాయి. కొళాయి తిరిగింది, నీళ్లు పడ్డాయి, ఆగాయి. చుక్క, చుక్క. అప్పుడు గదిలో ఇంకో చప్పుడు మొదలైంది. గొంతులో గులకరాళ్లు దొర్లుతున్నట్టు, కాసేపు ఆగి మళ్లీ. జబ్బు పడ్డాక ఒక్క శబ్దం చెయ్యని బేడయ్య నవ్వుతున్నాడు.

మెడ తిప్పగలిగినంత తిప్పి చూశాను. ఖాళీ మంచం అవతలే గుమ్మం అనే సంగతి నాకప్పుడు తట్టింది. ఇన్నాళ్లూ ఆయన చూసింది మంచాన్ని కాదు, గుమ్మాన్ని. గుమ్మం బయట కిటికీ అమ్మ కుర్చీలో కూర్చుని ఉంది, నడకన్నది ఎరగనట్టు. ఒళ్లో తడి చేతులు. ఆ వేళ్లు కొంగు కొసను త్రికోణంలా ఎత్తి లోపలికి దోపుతున్నాయి. నాలుగో చెయ్యి.

ఎవరికీ చెప్పలేదు. మతి లేకుండా లేచి తిరిగేవాళ్లను పై అంతస్తులో గ్రిల్ తలుపు వెనక ఉంచేవారు. అక్కడ ఎవరిని తిప్పుతుంది? అందుకని రోజూ ఆ వేళకు నేనే వెళ్లి ఆవిడ పక్కన నిలబడేవాణ్ణి. కుర్చీలోంచి లేచి, నా మొహం చూడకుండానే "బాయ్, పట్టు" అనేది. పట్టేవాణ్ణి. "మనిషిని లాగకు, దుప్పటి లాగు" అనేది. లాగేవాణ్ణి. పని కాగానే నేనెవరో, తానెవరో మరిచిపోయి కిటికీ వైపు తిరిగేది. బేడయ్య పుండు మాని, ఆ తరువాత చాలాకాలం బతికి, చర్మం మీద గీత లేకుండా వెళ్లిపోయాడు. కొన్నాళ్లకు ఆవిడా వెళ్లిపోయింది. ఈ రహస్యం ప్రపంచంలో నాకొక్కడికే తెలుసని ఇన్నేళ్లూ గుండెల్లో దాచుకున్నాను.

ఇప్పుడు డెబ్బై దాటాను. స్నానాల గదిలో జారి, తుంటి విరిగి, ఆపరేషనై, ఈ హోముకే పేషెంటుగా వచ్చాను. ఆ గదే. ఆ ఖాళీ మంచమే. (అంతటి కుర్రాణ్ణి నన్ను ఇప్పుడు ఇక్కడి పిల్లలు తాతా అంటున్నారు, అది తుంటి కన్నా నొప్పి.) నిన్న మధ్యాహ్నం కునుకులోంచి లేచేసరికి ఎడమవైపు తిరిగి ఉన్నాను. మోకాళ్ల మధ్య దిండు. భుజం మీద చల్లగా తడి. చెయ్యి చాచి దుప్పటి మూల తడిమాను. కత్తితో కోసినంత పదును. కిటికీ దగ్గర ఎవరూ లేరు. కొళాయి చుక్క, చుక్క. భయపడ్డానని రాయాలి, కానీ నిజం చెబితే హాయిగా అనిపించింది. ఊపిరి వదిలి మళ్లీ కళ్లు మూసుకున్నాను.

ఇదంతా రాసి, ఇవాళ పెద్ద సిస్టరుకు చదివి వినిపించాను. ఆవిడకూ ఇప్పుడు జుట్టు తెల్లబడింది. నా కాలి కింద దిండు సర్దుతూ చివరిదాకా విని, అంది: "రహస్యమేంటి అన్నయ్యా? కిటికీ అమ్మ నాకు ట్రైనింగులో వార్డు సిస్టరు. మొదటిరోజు నుంచీ నేను తలుపు వెనకే నిలబడేదాన్ని, పడితే పట్టుకోవాలిగా. మీరు నోరు తెరుచుకుని నిద్రపోవడం కూడా చూశాను. నిన్న మిమ్మల్ని తిప్పింది నేనే. ఆవిడ పోయాక మూల వేలాడనివ్వడం మానేశాను."

"మరి చేతులు అంత చల్లగా ఉండినాయే సిస్టరమ్మా?"

"పేషెంటుని ముట్టుకునే ముందు కడుక్కుంటాం కాబట్టి. మీరు ఒక్కరోజు కూడా కడుక్కోలేదు. ఇక ఆ కాగితాలు పక్కన పెట్టి మోకాలు ముడవండి."