పైడిరాజు గారి స్టూడియోలో అందెల చప్పుడు

మొన్న మా అక్క కూతురు ఫోన్‌లో ఏదో నొక్కగానే, తన డాన్సు వీడియోలో ప్రతి గెంతుకీ వాటంతటవే గజ్జెలు మోగాయి. ఆ ఘల్లుమన్న చప్పుడు వినగానే నాకు నవ్వొచ్చింది. పైడిరాజు గారు గుర్తొచ్చారు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో అరకు స్టేషన్ రోడ్డులో ఆయనకు పెళ్లి వీడియోల స్టూడియో ఉండేది. పాచిపెంట నుంచి కంప్యూటర్ డిప్లొమా ఒక్కటే పట్టుకుని వెళ్లిన నన్ను ఎడిటింగ్‌కు పెట్టుకున్నారు. ఒకసారి కొండమీద ఊళ్లో పెళ్లి వీడియో తీసుకొచ్చారు. ఆడవాళ్లు వరుసగా చేతులు పట్టుకుని ఆడే థింసా ఆట చక్కగా వచ్చింది గానీ, జనరేటర్ రొదలో అందెల చప్పుడు మునిగిపోయింది. విడిగా రికార్డు చేసిన అందెల చప్పుడును అడుగడుగుకీ చేత్తో అతికించాలంటే వారం పడుతుంది. మొదటి కొన్ని అడుగులు ఎక్కడ పడుతున్నాయో చూపిస్తే, మిగతా ఆటంతా అదే లెక్కన చప్పుడు పెట్టేసే చిన్న ప్రోగ్రాం రాశాను. పది నిమిషాల్లో పనైపోయింది. ఆయన కాసేపు చూసి, మురిసిపోయి, టీ తెప్పించారు. "మొత్తం సూసినావా, గుంటా?" అని అడిగారు. చూశానన్నాను. చూడలేదు.

సీడీ పట్టుకుని ఇద్దరం వెళ్లేసరికి పెళ్లికూతురి ఇంట్లో ఊరంతా చేరి టీవీ ముందు కూర్చున్నారు. ఆట మధ్యలో ఒక మేక వరుసలోకి దూరింది. ఆడవాళ్లు ఆట ఆపి నవ్వుతున్నారు. అందెలు మాత్రం లెక్క తప్పకుండా మోగుతూనే ఉన్నాయి. పెళ్లికూతురి తండ్రి ముఖం మాడిపోయింది. పైడిరాజు గారు లేచి నిలబడ్డారు. "తప్పు నాదే బాబూ. పూర్తిగా సూడకుండా తెచ్చీసినాను," అన్నారు.

వరుసకు ముందు నిలబడి ఆడిన పెళ్లికూతురి నాయనమ్మ తెరకేసి తేరిపార చూసింది. "మేం ఆగిపోనాం గదా. అందెలు ఆ మేక కాళ్ళకి కట్టినారేటి?" అంది. ఇల్లంతా గొల్లున నవ్వింది. ఆ ముక్క మూడుసార్లు వేయించుకున్నారు. సరిదిద్ది ఇచ్చాక కూడా, మేక అందెలతో ఉన్నదొకటి విడిగా అడిగి తీసుకున్నారు.

తిరుగు దారిలో జీపులో నిజం చెప్పేశాను. ఆయన, "నీ పోగ్రాం మంచిదే, తీసీయకు. పెట్టడం దాని పని. సూడ్డం నీ పని," అన్నారు. అంతే, మళ్లీ ఆ మాట ఎత్తలేదు. మర్నాడు పక్కన కుర్చీ వేసుకుని నాతోపాటు ఆటంతా చూశారు.

ఇప్పుడు విశాఖలో నా కింద నలుగురు పనిచేస్తున్నారు. ఏ వీడియో అయినా చివరిదాకా చూడందే బయటికి పంపను. వాళ్లలో ఎవరి తప్పు బయటపడినా, పని ఇచ్చినవాళ్ల ముందు నేనే లేచి నిలబడతాను. తర్వాత గట్టిగా మందలించాలనే అనుకుంటాను గానీ, పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవడమే నాకు వచ్చు.