పెదవులతో అందించిన మాటలు

నా పేరు చెప్పను. చెప్పే ధైర్యమే ఉంటే ఇది ఇన్నేళ్ళు నా గుండెల మీద బండలా కూర్చునేది కాదు. ఫోను మోగితే చాలు, తెలిసిపోయిందా అని ఒళ్ళు ఝల్లుమంటుంది. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది ఇబ్రహీంపట్నం. డిగ్రీ అయ్యాక జ్ఞాపకశక్తి పరీక్షల పనిలో చేరాను. మతిమరుపు జబ్బును పట్టుకునే పరీక్షలు ఎక్కడో చదువుకున్నవాళ్ళ కోసం తయారైనవి. బడి ముఖం చూడని మన పెద్దవాళ్ళకు అవే పెడితే, నిక్షేపంగా ఉన్నవాళ్ళు కూడా జబ్బువాళ్ళుగా తేలేవారు. అందుకని ఆరోగ్యంగా ఉన్న పెద్దల జవాబులు ఊరూరా సేకరించి, అన్ని చోట్లవీ ఒక దగ్గర కలిపి, ఎంత గుర్తుంటే మామూలు అనే కొలత మనవాళ్ళకు సరిపోయేలా కట్టాలన్నది ఆలోచన. మంచి పని. ఇప్పటికీ అదే అంటాను. దాన్ని చెడగొట్టింది నేను.

కొడవలి, మేక, పాలు, చీపురు. ఇలాంటి మాటలు కొన్ని వినిపించాలి. కాసేపు వేరే సంగతులు అడిగి, ఇందాకటి మాటలు మళ్ళీ చెప్పమనాలి. అప్పుడు పక్కన ఎవరూ ఉండకూడదు. నేను నోరు మెదపకూడదు.

మన ఇళ్ళల్లో ఎవరూ లేకుండా ఎట్లా? నేను వెళ్తే వాకిట్లో మంచం వాల్చేవాళ్ళు, చాయ్ పెట్టేవాళ్ళు, కోడళ్ళూ పక్కింటివాళ్ళూ చుట్టూ చేరేవాళ్ళు. వాళ్ళను లేచి పొమ్మనడానికి నాకు నోరు రాలేదు. మహేశ్వరం వైపు ఒక ఊళ్ళో ఒక తాత ఉండేవాడు. ఊరి తగాదాలన్నీ ఆయన మాటతోనే తెగేవట. రెండు మాటలు చెప్పి ఆగిపోయాడు. వెనక కోడలు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అంత పెద్దమనిషి నా ముందు తల దించుకోవడం చూడలేకపోయాను. మేక అన్నట్టు పెదవులు మెల్లగా కదిపాను. తాత గబుక్కున అందుకున్నాడు. ఆయన సొంతంగా చెప్పినట్టే రాసుకున్నాను.

తర్వాత అది అలవాటైంది. దయ అనుకున్నాను. దయేనా? మా వైపు పెద్దల జ్ఞాపకం గట్టిదని ఈ పనంతా నడిపించే మేడమ్ అందరి ముందు నన్ను మెచ్చుకున్నప్పుడు నేనెందుకు ఊరుకున్నాను? అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. మెప్పు తియ్యగా ఉంది, అంతే. చదువురాని పెద్దల జవాబులు ఎక్కువగా మా వైపు నుంచే వెళ్ళాయి. అవి మిగతావాటితో కలిసిపోయాయి, ఉండాల్సినదానికంటే ఎత్తున కొలత తయారైంది, దవాఖానాలకు చేరింది.

యాదమ్మ పెద్దమ్మది తుర్కయాంజాల్, మా చిన్నమ్మ వాళ్ళ పక్కిల్లు. తెల్లారకముందే ఆకుకూరల మూట ఎత్తుకుని షేర్ ఆటోలో ఎల్బీనగర్ పోయి అమ్ముకొచ్చే మనిషి. ఒకసారి పొయ్యి మీద పాలు మరిచిపోయింది. కొడుకు భయపడి దవాఖానకు తీసుకెళ్ళాడు. అక్కడ పరీక్ష పెట్టినవాళ్ళు పద్ధతిగా, నోరు మెదపకుండా కూర్చున్నారు. మేం కట్టిన కొలతతో పోల్చి చూస్తే ఆమె చాలా తక్కువకు తేలింది. జబ్బు మొదలైందన్నారు. ఆ రోజు నుంచి కొడుకు ఆమెను బేరానికి పోనివ్వలేదు, పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. గేటుకు తాళం పడింది.

చూడటానికి వెళ్ళాను. నేను ఏ పని చేస్తానో ఆమెకు తెలుసు. చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

"బిడ్డా, నువ్వు గిసొంటి పరీక్షలు చేస్తవు గదా. నిజం చెప్పు. నాకు మతి పోతున్నదా?"

కొలతే తప్పు కావచ్చు పెద్దమ్మా, అనాలి. చెబితే నా పని పోతుందని, మేడమ్ ముఖం ఎట్లా చూడాలని, కలిపిన జవాబులన్నీ మళ్ళీ తిరగదోడి ఇది చేసింది ఎవరని అడిగితే వేళ్ళన్నీ నా వైపే తిరుగుతాయని, అంత కొద్దిసేపట్లోనే నాకు అన్నీ తోచాయి. ఆమె మాత్రం తోచలేదు.

"అవ్ పెద్దమ్మా. డాక్టర్లు చూసే చెప్తరు గదా. జర పైలంగ ఉండు."

ఆమె చెయ్యి వదిలేసింది.

ఇప్పుడు మంచినీళ్ళు తాగాలన్నా కోడలిని అడిగి తాగుతుంది. కొడుకును పేరుపెట్టి పిలిచేముందు కూడా ఆగుతుంది, తప్పు పలుకుతానేమోనని. నిజంగానే జబ్బు ముదిరిందా? జబ్బుందని నమ్మి ఇట్లా అయిపోయిందా? నాకు తెలియదు. తెలుసుకునే దారినే నేను పాడుచేశాను. నన్ను అన్నిటికంటే భయపెట్టేది అదే. ఒక్క యాదమ్మ పెద్దమ్మేనా? ఆ కొలత ఎక్కడెక్కడికి పోయిందో, దాన్ని చూసి ఏ ఇంట్లో ఏ ముసలితల్లి చేతిలోంచి గరిటె లాక్కున్నారో నాకెవరు చెబుతారు? బస్సులో ఎవరైనా పెద్దావిడ పక్కన కూర్చుంటే కిటికీ వైపు తిరిగిపోతాను.

మేడమ్‌కు ఫోన్ చేయాలి. నేను పంపిన జవాబులు తీసేయమని చెప్పాలి. చేస్తానని మీకు మాట ఇవ్వలేను, నా పిరికితనం నాకు తెలుసు. క్షమించమని కూడా అడగను, అడగాల్సింది మిమ్మల్ని కాదు. ఇంత దూరం రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. ఇదొక్కటి మాత్రం నోరు తెరిచి చెప్తున్నాను. ఆ వాకిళ్ళలో పలికిన మాటల్లో చాలావరకు ఆ పెద్దవాళ్ళకు గుర్తున్నవి కావు. నాకు గుర్తున్నవి.