పసుపుగా మిగిలిన మిరపకాయలు

ముట్టు మనిషి అడుగు పెడితే మిరప తోట చెడుతుందని నాయనమ్మ వెంకటేశ్వరమ్మకు గట్టి నమ్మకం. కోతకొచ్చిన ఆడకూలీలను గట్టు మీదే ఆపి, ఊరంతా వినేలా అడిగేది. ఆవిడ గొంతుకు మైకు దండగ.

విత్తనం మాత్రం ఎవరి చేతా ముట్టించేది కాదు. ఏటా తోటలోకెల్లా విరగకాసిన ఒక్క మొక్కకు పాత చీర అంచు చింపి కట్టి, దాని కాయల గింజలే మరుసటి ఏడు నారు పోసేది. ఆ మొక్కను కోడళ్ళకన్నా ముద్దుగా చూసేదంటే అతిశయోక్తి కాదు.

ఒక ఏడు నాలుగో వంతు మొక్కల కాయలు పండినా ఎర్రబడలేదు. పసుపుగానే ఉండిపోయాయి. నాయనమ్మ చూపు నారు పీకిన చిన్నకోడలు తేజశ్రీ మీద పడింది.

"ఏమే, ముట్టుతో నారుమడి తొక్కావు కదూ?"

"లేదత్తయ్యా, ఒట్టు."

"అబద్ధం కూడానా? చూడండే, నా తోటకు పట్టిన శని!"

కూలీలు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. తేజశ్రీ గంప అక్కడే వదిలేసి, మొగుణ్ణి తీసుకుని చిలకలూరిపేట వెళ్ళిపోయి స్పిన్నింగు మిల్లులో చేరింది.

మరుసటి ఏడూ అదే పసుపు. అంటే తేజశ్రీ లేకపోయినా చెడింది. నాయనమ్మకు ఆ సంగతి తట్టింది కానీ మింగేసింది.

చివరికి వ్యవసాయ పరిశోధనా కేంద్రం నుంచి సిద్దికా అనే అమ్మాయి వచ్చి ఆకులు పట్టుకెళ్ళింది. కొన్నాళ్ళకు తిరిగొచ్చి, బోరు దగ్గర కూర్చుని చెప్పింది.

"మామ్మగారూ, ఎరుపు తయారుచేసే జన్యువు బాగానే ఉంది. దాని ముందుండే చిన్న ముక్క చెడింది. మీ మోటారు మంచిదే, స్టార్టరు కాలిపోయిందనుకోండి. నీళ్ళొస్తాయా?"

"రావు."

"ఏ జన్యువు ఎప్పుడు, ఎక్కడ పనిచేయాలో ఇలాంటి ముక్కలే చెప్తాయి. వీటిలో కొన్ని వంగలోనూ టమాటాలోనూ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. చెడితే మొక్కకే నష్టం కాబట్టి యుగాలుగా మారకుండా వచ్చాయి."

"మరి నా తోటలో ఎవరు చెడగొట్టారే?"

"ఎవరూ కాదు, దానంతటదే చెడింది. ప్రతి మొక్కకూ ఈ ముక్క తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తాయి కదా. ఒకటి చెడినా కాయ ఎర్రగానే పండుతుంది, బయటికి తెలియదు. మీరు ఒక్క మొక్క గింజలే నాటారు. దాని పువ్వుకు దాని పుప్పొడే తగిలి, తల్లీ తండ్రీ అదే అయింది. దానిలో దాగిన చెడు, పిల్ల మొక్కల్లో కొన్నిటికి రెండువైపులా చేరింది."

నాయనమ్మ చీర అంచు కట్టిన మొక్క వైపు చూసింది. అదీ ఎర్రగా, నంగనాచిలా నిలబడి ఉంది.

మర్నాడు బస్సెక్కి మిల్లుకు వెళ్ళింది. జుట్టు నిండా దూదితో తేజశ్రీ బయటికొచ్చి, అంతా విని, "ఇది నాకెందుకు చెప్తున్నారత్తయ్యా? నాకు ముందే తెలుసుగా. ఆ రోజు నవ్వినవాళ్ళకి చెప్పండి, వస్తాను" అంది.

కోత మొదలైన పొద్దున కూలీలంతా గట్టు మీద నిలబడ్డారు, అడిగించుకోవడానికి. నాయనమ్మ అడగలేదు. నోరు తెరిచింది. చెప్పాల్సింది ఒక్క మాటే, తప్పు తేజశ్రీది కాదని. మైకులాంటి ఆ గొంతు మొదటిసారి పెగల్లేదు.

"ఏం చూస్తారే? దిగండి, ఎండెక్కుతోంది" అంది చివరికి.

ఆ ఏడు విత్తనానికని తోట నిండా చాలా మొక్కలకు చీర అంచులు కట్టింది. తేజశ్రీ రాలేదు.